స్టేజీ కింద

స్టేజీ కమిటీలో చేర్చుకున్న రోజే సీనియర్లు ఆమెకు ‘టేపు’ అని పేరు పెట్టేశారు. సివిల్ ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతూ, ఏది కనబడినా కొలిచేదాకా నిద్రపట్టని పిల్ల మరి. క్లాసూ హాస్టలూ తప్ప మూడో చోటు ఎరగని ఆమెకు ఆ వెక్కిరింపు కూడా ముద్దుగానే అనిపించింది. లారీ నడిపే నాన్నకు ఫోన్ చేసి, "కాలేజీ వార్షికోత్సవానికి స్టేజీ మేమే కడుతున్నాం నాన్నా, దాని ప్లాను గీసింది నేనే" అని మురిపెంగా చెప్పుకుంది.

ఇప్పుడు, వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం, జేబులో స్పానర్ పెట్టుకుని అదే స్టేజీ కింద పాకుతూ బోల్టులు సరిచూస్తోంది. ముందు వరుస స్తంభాల మధ్య ఏటవాలుగా బిగించాల్సిన పైపులు లేవు. వాటి చోట స్పీకరు పెట్టెలు దర్జాగా కూర్చున్నాయి.

పైన పదిమంది డాన్సు ప్రాక్టీసు చేస్తున్నారు. వాళ్లలో ఆమె రూమ్మేటు ఒకతె. అడుగు పడ్డప్పుడల్లా చెక్కల సందుల్లోంచి దుమ్ము రాలుతోంది. సాయంత్రం ఎక్కేది నలభై మంది.

బయటికొచ్చి కమిటీ లీడర్ ముందు నిలబడింది. ఫైనలియర్ కుర్రాడు. అతను నవ్వితేనే మిగతావాళ్లు నవ్వుతారు. కిందటేడు అతనికి ఎదురుచెప్పినవాడు ఇప్పటికీ క్యాంటీన్‌లో ఒంటరిగానే తింటున్నాడు.

"అన్నా, ముందువైపు ఏటవాలు పైపులు ఎవరో తీసేశారు."

"నేనే తీయించా. పెట్టెలు ఎక్కడ పెట్టను, నీ నెత్తినా?"

చుట్టూ నవ్వులు.

"అవి లేకపోతే పక్కకి ఊగుతుందన్నా. అందరూ ఒకేసారి ఎగిరితే..."

"నిన్న ఇరవైమందిమి ఎక్కి ఫొటో దిగాం. కూలిందా?"

"ఫొటోకి ఎగరరు కదన్నా."

"టేపమ్మా, పోయి కుర్చీలు సర్దు తల్లీ."

కుర్చీల వైపు నాలుగడుగులు వేసింది కూడా. అంతలో పైనుంచి రూమ్మేటు చెయ్యూపి, "ఏమే, అక్కణ్ణుంచి బాగా కనబడుతున్నానా?" అంది.

ఆమె వెనక్కి తిరిగి, వంగి, మళ్లీ స్టేజీ కిందికి దూరింది. మూల స్తంభాన్ని వాటేసుకుని కూర్చుంది. కూలితే ముందు పడేది తన మీదేనని తెలుసు. 

"బయటికి రా," లీడర్ గొంతు.

"రానన్నా. నేను కిందుండగా సాయంత్రం ఎవర్నీ ఎక్కించరు కదా."

"కమిటీలోంచి పీకేస్తా."

"పీకెయ్యండి. పైపులు బిగించాక."

అతను తిట్టుకుంటూ లోపలికి పాకి ఆమె రెక్క పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే పైన పాట ఊపందుకుంది. అన్ని కాళ్లూ ఒక్కసారి లేచి ఒక్కసారి పడ్డాయి. స్తంభం ఆమె చేతుల్లోనే పక్కకి ఒరిగి, వెనక్కొచ్చి, ఈసారి ఇంకాస్త ఒరిగింది. ఎక్కడో పైపుల్ని పట్టి ఉంచే క్లాంపు కీచుమంది.

ఆమె రెక్క మీది చెయ్యి జారిపోయింది. మసక చీకట్లో అతని మొహం కనబడలేదు గానీ, రొప్పు వినబడింది.

"ఎటు పాకాలి?" గుసగుసగా అడిగాడు.

"మెల్లగా, ఎడం వైపుకన్నా. స్తంభానికి తగలకండి."

బయటపడగానే పాట ఆపించి అందర్నీ మెల్లగా దింపించాడు. "మా డాన్సు మరీ అంత ఘోరంగా ఉందా?" అని రూమ్మేటు మూతి తిప్పింది. అతను నవ్వలేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

"పెట్టెలు బయటికి లాగండిరా." ఆమె వైపు చూడకుండానే చెయ్యి చాపాడు. "స్పానర్ ఇటివ్వు."

ఆమె జేబులోంచి స్పానర్ తీసింది. కానీ ఇవ్వలేదు.

"నేను బిగిస్తానన్నా. మీరు పైపు పట్టుకోండి."

అతను పట్టుకున్నాడు. ఆఖరి బోల్టు బిగిసేదాకా వదల్లేదు.