ఒక అంగుళం వదులు

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో నలుగురున్నారు. కుట్టుమిషను ముందు అమ్మ. కిటికీ పక్క కుర్చీలో, వినపడని చెవిని వీధివైపూ వినపడే చెవిని ఇంట్లోవైపూ పెట్టుకుని తాత. పొద్దుటి డ్యూటీ ముగించుకొచ్చి, లోపలి గదిలో మంచానికి అడ్డంగా పడి నిద్రపోతున్న అక్క. గుమ్మంలో, గుండెలదాకా వచ్చే అట్టపెట్టెను రెండు చేతులా మోసుకుంటూ గువ్వ.

గువ్వ అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. "గొంతు లేని గువ్వ" అని చిన్నప్పుడు తాత పెట్టిన పేరులో ముందు మాటలు రెండూ వాడకంలో అరిగిపోయి, చివరిదొక్కటే మిగిలింది.

"తెచ్చావా?" అంది అమ్మ, సూదిమీంచి కళ్ళు ఎత్తకుండానే.

గువ్వ తలూపింది.

"తలూపితే నాకెలా కనపడుతుందే? దుకాణంలో కూడా ఇలాగే తలూపి తెచ్చావా?"

నిజంగా అలాగే తెచ్చింది.

పెట్టెలో ఉన్నది నుదుటి నుంచి గడ్డం దాకా ముఖమంతా కప్పే హెల్మెట్. అక్క ఆస్పత్రుల నుంచి రక్తం సీసాలు తీసుకెళ్ళి ల్యాబుకు చేర్చే పని చేస్తుంది. ఇవాళ పొద్దుటిదాకా నడిపింది ఈసురోమంటూ పోయే పాత ఎలక్ట్రిక్ బండి. దానికి బోర్లించిన గిన్నెలాంటి సగం హెల్మెట్ సరిపోయింది. ఇవాళ నాలుగింటి నుంచి కొత్త ఎలక్ట్రిక్ బండి, దూరం రూటు. ఊరి ఆ చివర ఆస్పత్రి నుంచి అరగంటలో సీసాలు ల్యాబులో ఉండాలి. "ఈ బండి అరవై దాటుతుంది. పడితే ముందు నేలకు తగిలేది గడ్డమే. గడ్డం కప్పే హెల్మెట్ లేనివాళ్ళని గేటు దాటనివ్వను" అన్నాడు సూపర్‌వైజరు. ఆ రూటు కోసం ఇంకో ముగ్గురు కాచుకుని ఉన్నారు. అక్క దాని కోసం రెండేళ్ళు ఎదురుచూసింది.

అక్కకు దుకాణానికి వెళ్ళే తీరిక లేదు. అందుకే పొద్దున అక్క డ్యూటీకి వెళ్ళే ముందు అమ్మ టేపు తీసి, కనుబొమలకు కాస్త పైనుంచి తల చుట్టూ తిప్పి కొలిచింది. "ఇరవై మూడు రాయి" అంటే గువ్వ చీటీ మీద రాసింది.

దుకాణంలో చీటీ ఇస్తే, దుకాణం ఆయన గోడమీది సైజుల పట్టిక చూసి సరిగ్గా ఆ కొలతకే ఒక హెల్మెట్ తీసిచ్చాడు. గువ్వ పెట్టుకుని చూసింది. హాయిగా ఉంది. బుగ్గలకు ఎక్కడా ఒత్తుకోలేదు. తల అటూ ఇటూ తిప్పితే మాత్రం హెల్మెట్ కాస్త ఆలస్యంగా తిరిగింది. అక్క తలకన్నా తన తల చిన్నది కదా, అందుకేలే అనుకుంది.

పక్కన ఒక మెకానిక్ తనకోసం హెల్మెట్ చూసుకుంటున్నాడు. దుకాణం ఆయన అతనికి చెబుతున్నాడు. "కొత్తది బుగ్గల్ని నొక్కాలి బాబూ. మీ ఆవిడ చూస్తే నవ్వాలి, అలా ఉండాలి మొహం. గడ్డం కింద పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు దొర్లించండి. ఊడొచ్చిందా, అది మీది కాదన్నమాట."

గువ్వకు అడగాలనిపించింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆయన ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, కట్టమంటావా?" అన్నాడు. గువ్వ తలూపింది. "ముందున్న అద్దం మీద పల్చటి పొర ఉంది చూడు. అది ఊడదీయనంతవరకే మార్చి ఇస్తాను. తీశాక నన్నడక్కు. ఇవాళ్టికి కొట్టు మూసేస్తున్నా, మళ్ళీ తెరిచేది రేపు పొద్దున్నే" అన్నాడాయన.

ఇప్పుడు పెట్టెను బల్లమీద పెట్టి, గువ్వ అమ్మ దగ్గరికెళ్ళి కొలతల పుస్తకం అందుకుంది. పక్కింటావిడ కొత్త జాకెట్టు కొలతలకు వచ్చి నిలబడింది. అమ్మ ఆవిడ నడుం చుట్టూ టేపు తిప్పింది.

"ముప్పై ఒకటి రాయి."

గువ్వ కళ్ళు టేపు మీద పడ్డాయి. అమ్మ బొటనవేలు ముప్పై మీద ఉంది.

కొత్త విషయమేమీ కాదు. అమ్మ ఎప్పుడూ అంతే. బట్ట కోసేటప్పుడు మరిచిపోతానని, కొలిచేటప్పుడే ఒక అంగుళం వదులు కలిపి చెబుతుంది. పదేళ్ళ వయసు నుంచి ఆ పుస్తకంలో రాస్తున్న గువ్వకు తెలియనిది కాదు. కానీ పొద్దున చీటీ రాసేటప్పుడు అమ్మ చెయ్యీ తన చెయ్యీ అలవాటుగా పనిచేసుకుపోయాయి. తలకు కూడా జాకెట్టుకు ఇచ్చినట్టే ఒక అంగుళం వదులు ఇచ్చారు.

గువ్వ చేతిలో పెన్సిలు అక్కడే ఆగిపోయింది.

పక్కింటావిడ వెళ్ళిపోయింది. గోడ గడియారం మూడుంబావు దాటింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. అక్క జుట్టు ముడేసుకుంటూ వచ్చి పెట్టె విప్పింది. హెల్మెట్ చేతిలోకి తీసుకుని, "అబ్బ, ఎంత బాగుందే!" అంటూ పెట్టుకుంది. అద్దం మీద పొర అంచును గోటితో లేపింది.

"తియ్యకు!"

తాత ఉలిక్కిపడి కుర్చీలో నిటారుగా కూచున్నాడు. "ఎవరది?"

"మన గువ్వే" అంది అమ్మ, నమ్మలేనట్టు.

"అక్కా, అది పెద్దది. ఇరవై మూడు కాదు, ఇరవై రెండే. అమ్మ వదులు కలిపి చెప్పింది. నేను రాసేశాను."

అమ్మ మొహం గంటు పెట్టుకుంది. "ఇరవై ఏళ్ళ నుంచి కొలుస్తున్నాను. నా టేపుకు వంక పెడుతున్నావా?"

"టేపుది కాదమ్మా తప్పు. టేపు ఇరవై రెండే చూపించింది."

అమ్మ వేళ్ళు టేపును చుట్టడం మొదలుపెట్టాయి.

"నాకు బాగానే ఉందే, మెత్తగా ఉంది. ఇప్పుడు మొదలెట్టకు తల్లీ, మూడూ నలభై అయిదుకల్లా గేటు దగ్గరుండాలి" అంది అక్క, పట్టీ బిగించుకుంటూ.

గువ్వ అక్క వెనక్కి వెళ్ళింది. హెల్మెట్ వెనక అంచు కింద వేళ్ళు పెట్టి పైకెత్తి, ముందుకు దొర్లించింది. గడ్డం కింద పట్టీ అలా బిగించి ఉండగానే, హెల్మెట్ అక్క తలమీంచి జారి ముందుకు ఊడొచ్చి ఆమె చేతుల్లో పడింది.

"ఇలా ఊడొస్తే అది మనది కాదని దుకాణం ఆయన చెబుతుంటే విన్నాను" అంది గువ్వ.

"రోడ్డు మీద నన్నెవరూ వెనకనుంచి ఇలా పీకరు కదే" అంది అక్క. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"తీసుకురా ఇటు" అని అమ్మ స్పాంజి ముక్కలు అందుకుంది. "అయిదు నిమిషాలు. వీటిని వలయంలా కుట్టి లోపల చుట్టూ పెట్టేస్తాను. అంగుళం కలిపిందీ నేనే, తీసేదీ నేనే."

మిషను గడగడలాడింది. అక్క బూట్లు వేసుకుంది. తాత వినపడే చెవి మిషనువైపు తిప్పి, "రాత్రి టోపీలాగా కుడుతున్నావా ఏంటి?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మూడున్నర అయింది.

స్పాంజితో హెల్మెట్ బిగుతుగా దిగింది. "చూశావా!" అంది అక్క. వెలుతురు వచ్చినట్టయింది ఆమె మొహానికి. చార్జింగులో పెట్టిన కొత్త బండి బ్యాటరీ తీసుకుందామని గుమ్మం పక్క ప్లగ్గు దగ్గరికి వెళ్ళింది. ప్లగ్గు ఖాళీగా ఉంది.

గువ్వ బ్యాటరీని చంటిపిల్లలా గుండెలకు హత్తుకుని గోడకు ఆనుకుని నిలబడింది. చార్జింగు వేడి ఇంకా దాని ఒంటిమీద ఉంది.

"ఇటివ్వు."

గువ్వ తల అడ్డంగా ఊపింది.

"లాక్కోమంటావా?"

"లాక్కో" అంది గువ్వ. "లాక్కుని వెళ్ళు, నేనేమీ అనను. కానీ ఇంకొక్కసారి దొర్లించనివ్వు. ఊడకపోతే నేనే బండికి పెట్టిస్తాను."

అక్క పళ్ళు కొరికింది. కానీ తల వంచింది.

గువ్వ బ్యాటరీ కింద పెట్టి అంచు పట్టుకుంది. ఈసారి హెల్మెట్ వెంటనే కదలలేదు. గువ్వ బలమంతా పెట్టింది. లోపల స్పాంజి కుట్లు పుటుక్కుమన్నాయి. స్పాంజి ముక్క ముడుచుకుపోయి, అక్క కళ్ళమీదికి జారి, దాని వెనకే హెల్మెట్ నెమ్మదిగా, పూర్తిగా ఊడొచ్చింది.

అమ్మ మిషను మీద చేతులు పెట్టుకుని అలా చూస్తుండిపోయింది.

అక్క ఫోను తీసింది. "సర్, ఇవాళ్టికి నా పాత బండి మీద, సగం హెల్మెట్‌తో వస్తాను సర్. రేపు పొద్దున్నే దుకాణం తెరవగానే మార్చుకుని..."

అవతలి మాటలు గదంతా వినపడ్డాయి. "పాత బండి అయితే పాత రూటే అమ్మా. అది అరగంటలో రాదు. ఇక్కడ హెల్మెట్ పెట్టుకుని మరీ ఒకడు రెడీగా ఉన్నాడు. వాడికి రాసేస్తున్నా."

"ఒక్కరోజే సర్..."

"రూటుకు ఒక్కరోజు, రెండురోజులు ఉండవమ్మా."

"సరే సర్" అంది అక్క. ఆ మాట ఎంత మామూలుగా అందంటే, రూటు పోయిందని తాత గుర్తించనేలేదు.

అక్క కుట్లు తెగిన స్పాంజిని పీకి పారేసింది. హెల్మెట్‌ను దానితో వచ్చిన గుడ్డ సంచిలో మళ్ళీ దూర్చి, పెట్టెలో పెట్టి, మూత వేసింది. అద్దం మీద పొర అలాగే ఉంది, ఒక మూల మాత్రం గోటి గీత. బూట్లు విప్పలేదు. లోపలి గదివైపు నడిచింది.

గువ్వ బ్యాటరీని మళ్ళీ ఎత్తుకుని వెంట వెళ్ళింది. "అక్కా. రేపు నేనే వెళ్ళి మార్చుకొస్తాను. నేనే మాట్లాడతాను ఆయనతో."

అక్క గుమ్మంలో వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నుదుటి మీద స్పాంజి అచ్చు ఎర్రగా గీతలా పడి ఉంది.

"ఈ గొంతు దుకాణంలో ఏమైందే?"

గువ్వ నోరు తెరిచింది. అక్క ఒక్క క్షణం ఎదురుచూసింది, నిజంగానే జవాబు కావాలన్నట్టు. తర్వాత తలుపు గువ్వ మొహం మీదే వేసేసి, లోపల గడియ పెట్టుకుంది.