ముసలాణ్ణి పడుకోబెట్టాం

యజమాని కారు అద్దం పగిలింది. దానికి బదులు పోలీసులు మా బావ పెదవి పగలగొట్టారు. రంగుల మిల్లులో బాయిలరు నడిపేది బావే. చేతులకి బొగ్గు మసి ఉండగానే జుట్టు పట్టి జీపెక్కించారు. మేమంతా చూస్తూ నిలబడ్డాం. నాకు ఏడుపు కూడా రాలేదు.

రాయి ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. పోలీసులకి తెలియాల్సిన పనీ లేదు. వాళ్లకి మనిషి ముందు దొరికాడు, నేరం తర్వాత కుట్టారు. కూలి పెంచమని మీటింగులో మాట్లాడింది బావే. "వినకపోతే ముసలాణ్ణి పడుకోబెట్టేద్దాం" అన్నదీ బావే. యజమాని పండు ముసలి. ఇంకేం, హత్యాయత్నం.

మా బాయిలర్ని మేం ముసలాడంటాం. దగ్గుతాడు, మూలుగుతాడు, వేళకి బొగ్గు పడకపోతే అలుగుతాడు. పడుకోబెట్టడమంటే నిప్పు ఆర్పడం, అంటే సమ్మె. ఆ సంగతి స్టేషన్లో అందరం చెప్పాం. ఇన్‌స్పెక్టరు సగమే రాసుకున్నాడు.

సొంత మరదలు చెబితే కోర్టు నమ్ముతుందని సర్కారు వకీలు నన్ను సాక్షిగా ఎంచుకున్నాడు.

"అబద్ధం చెప్పక్కర్లేదమ్మా. అతనన్న మాటే చెప్పు. అక్కడ ఆపు."

"మిగతాది?"

"నేనడగను, నువ్వు చెప్పకు. చెబితే నువ్వూ కుట్రలో ఉన్నట్టే."

ఇంటికెళ్లి చెప్పాను. "నువ్వూ లోపలికి పోతే నేనొక్కదాన్నీ పిల్లల్ని ఎలా సాకనే?" అంది అక్క.

బోనెక్కాను. "ఆ మాట అన్నాడా?"

"అన్నాడండీ."

"చాలు."

"చాలదండీ. ముసలాడంటే మా బాయిలరు."

వెనక కూర్చున్న మిల్లు జనం ఘొల్లున నవ్వారు. మచ్చ పడ్డ పెదవితో బావ కూడా నవ్వాడు. వకీలు నవ్వలేదు. నేను ఎదురు తిరిగిన సాక్షినన్నాడు. "ఇనప పీపాని ముసలాడంటారా? రుజువేది?" అన్నాడు. బావని మళ్లీ జైలుకి తీసుకుపోయారు.

కోర్టు బయట ఎవరూ నినాదమివ్వలేదు. రంగులు కలిపే పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"రుజువడిగారు కదరా. ఇద్దాం."

మర్నాడు పొద్దున్నే అందరం బాయిలరు గదిలో దూరాం. పిల్లల్ని పక్కింట్లో వదిలి అక్క కూడా వచ్చింది. నిప్పులన్నీ బయటికి లాగి ఆర్పేశాం. ముసలాడు కాసేపు మూలిగి ఊరుకున్నాడు. మిల్లు ఆగిపోయింది.

గేటు దగ్గర జీపులు ఆగాయి. "ఏం చేశార్రా?" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"ముసలాణ్ణి పడుకోబెట్టామండీ," అన్నాను. "ఈసారి మొత్తం రాసుకోండి."

అతని పక్కనే యజమాని నిక్షేపంగా నిలబడి, చేతికర్ర ఊపుతూ మమ్మల్ని బూతులు తిడుతున్నాడు. మా అందరి చేతులకీ బొగ్గు మసే. ఎవరి జుట్టు పట్టుకోవాలో వాళ్లకి తెలియలేదు.