బురదలో మాటూష్

మా మామగారు యానో జీవితమంతా బొగ్గు తవ్విన మనిషి. కొడుకు ఫుట్‌బాల్, అదే బంతి చేత పట్టుకుని ఉరికే అమెరికా ఆట, ఆడి జీతం తెచ్చుకోవడం ఆయనకు ఏనాడూ మింగుడుపడలేదు. పదేళ్లలో ఒక్క ఆటకూ వెళ్లలేదు. ఎవరైనా అడిగితే, మావాడు ఆదివారాలు ఆడుకుంటాడు, ఎక్కడైనా పనుంటే చెప్పండి అనేవారు. మా ఆయన మాటూష్ నవ్వి ఊరుకునేవాడు గానీ నాకు ఒళ్లు మండేది.

ఆ డిసెంబరుతో మాటూష్ ఆట మానేస్తున్నాడు. నాన్న ఒక్కసారి చూస్తే చాలు, ఇంకేం వద్దన్నాడు నాతో. నేను పోరగా పోరగా ముసలాయన బస్సెక్కారు. మా వీధి వీధంతా పిట్స్‌బర్గ్‌కు కదిలింది.

తీరా చూస్తే వాన. కాసేపటికే ఆటగాళ్లందరూ బురదముద్దలైపోయారు, వీపు మీద అంకె కనబడితే ఒట్టు. మావాళ్లు ఎవడో టెక్సస్ కుర్రాణ్ణి చూసి మాటూష్, మాటూష్ అని గొంతులు చించుకున్నారు. పాపం అతను చెయ్యి కూడా ఊపాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"బంతి పట్టుకుని ఉరికేవాడా మనవాడు?" అని అడిగారు మామగారు.

"కాదు మామయ్యా. ఉరికేవాడికి అడ్డొచ్చినవాళ్లను పడగొట్టి దారి చేస్తాడు. అదుగో, అందరికంటే కిందికి వంగి ఉన్నాడే, అతనే."

"దారి చేస్తాడా?" అన్నారు. ఆ తర్వాత బంతి ఎటు పోయినా ఆయన కళ్లు మాత్రం కొడుకు మీదే. ఆట ఓడిపోయాం, అది వేరే సంగతి.

ఆటగాళ్ల గదిలో వేడినీళ్లు అయిపోయాయట. మాటూష్ మొహం మాత్రం తుడుచుకుని, ఆ బురద ఒంటిమీదే కోటు తొడుక్కుని మా బస్సెక్కేశాడు. నాన్న ఏమన్నాడని మెల్లగా అడిగాడు. ఏమీ అనలేదన్నాను. ఇక దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే వంటింట్లో పొయ్యి పక్కన తొట్టి నింపాను, మాటూష్ అందులో కూర్చున్నాడు. మా గని ఇళ్లలో పని దిగి వచ్చినవాడు తన వీపు తను రుద్దుకోడు, ఇంట్లోవాళ్లు రుద్దాలి. ఆడుకుని వచ్చినవాడికి ఆ మర్యాద ఎందుకని మామగారి వాదన. ఎందుకో చెబుదామనే బ్రష్షు తీసుకుని నేను ముందుకు నడిచాను.

ఆయన నా చేతిలోంచి దాన్ని లాక్కున్నారు. చొక్కా చేతులు పైకి మడిచారు.

"ఒంగరా," అన్నారు. "పని చేసి అలిసిపోయావు."

మాటూష్ మొహం మోకాళ్లలో దాచుకున్నాడు. నేను సబ్బు అందించాను.