ఓటుకు పెట్టిన పేరు

మా కిబ్బుట్జ్‌లో, అంటే అన్నీ ఉమ్మడిగా ఉండే యూదుల పల్లెలో, కొత్త బూట్లు ఎవరికివ్వాలన్నా, సూపులో ఉప్పెంత వెయ్యాలన్నా అందరూ చేతులెత్తి తేల్చాల్సిందే. గలిలయ కొండ కింద డేరాలు వేసిన మూడో ఏట నేను పుట్టాను. అక్కడ పుట్టిన తొలిబిడ్డను నేనే. నెల దాటినా నాకు పేరు లేదు. చివరికి దాన్నీ ఓటుకు పెట్టారు.

భోజనశాల మధ్యలో మా అమ్మ బ్రైండెల్ నన్నెత్తుకుని నిలబడింది.

"మా అమ్మ పేరు పెట్టుకుంటాను. గిటెల్. నేను ఇక్కడికి ఓడెక్కిన ఏడాదే పోయింది. ఆ పేరు నిలబెట్టడానికి నా కూతురు తప్ప ఇంకెవరూ లేరు."

"పోలండ్ పేర్లు పోలండ్‌లోనే వదిలేశాం! గెయులా అని పెడదాం. గెయులా అంటే విముక్తి!" అంటూ లేచినవాడు ఎవరో కాదు, మా నాన్న ఆషేర్.

"డేరాకి రా, నీకు విముక్తి చూపిస్తా," అంది అమ్మ.

జనం గొల్లుమన్నారు. చేతులు లేచాయి. సరిసమానం. మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ అంతే.

"లెమెల్ ఏడీ?" అని అరిచారెవరో.

పశువుల్ని చూసే లెమెల్ ఓటే వెయ్యలేదు!

నాన్న కిటికీలోంచి దూకాడు. అమ్మ నన్ను పక్కామె చేతుల్లో పెట్టి పరుగెత్తింది. వెనకే అందరూ.

కొట్టంలో ఆవు ఈనలేక మూలుగుతోంది. దూడ కాళ్లు మాత్రం బయటికొచ్చాయి.

"లెమెల్, నీ ఓటు గెయులాకే కదా?" అన్నాడు నాన్న.

"నోరు మూసుకుని ఆ కాలు పట్టవోయ్, నాయకుడా! బ్రైండెల్, నువ్వు దాని తల నిమురు."

ఇద్దరు మగవాళ్లూ బలంకొద్దీ లాగారు. దూడ జర్రున జారి నాన్న ఒళ్లో పడింది.

"ఒరేయ్, ఆ ఉమ్మడి చొక్కా వచ్చేవారం నా వంతు!" అని వెనకనుంచి ఎవరో లబోదిబోమన్నారు.

"పెయ్యదూడ," అన్నాడు లెమెల్ చేతులు కడుక్కుంటూ.

"ఇప్పుడు చెప్పు. ఏ పేరు?" అంది అమ్మ.

"ఆషేర్ చెప్పిందే బాగుంది."

అమ్మ మొహం వాడిపోయింది.

"అందుకే దీనికి పెట్టేశా. దూడల పేర్లు నా ఇష్టం, వాటికి ఓటింగు లేదు. ఇంత కష్టపడి బయటపడింది, గెయులా అన్న పేరు దీనికే తగును. పాపకీ అదే పెట్టారనుకో, పాలు పితకడానికి నేను పిలిస్తే ఎవరొస్తారో నాకు పూచీ లేదు!"

నాన్న దూడను పట్టుకుని అలాగే కూర్చుని పకపకా నవ్వాడు. నవ్వుతూనే తడిచెయ్యి పైకెత్తాడు.

"నా ఓటు గిటెల్‌కి."

అమ్మ నన్ను అందుకుని, "గిటెల్!" అని పిలిచింది. నేను గుక్కపట్టి ఏడ్చానట.

"పలికింది, పలికింది!" అన్నారందరూ.