మూడు గ్రాముల గులాబి

కొత్తవాడ జంపఖానాల సొసైటీలో నూలుకు రంగులేసే వలీ చాచాకు చూపు తగ్గుతోంది. ఆయన నలభై ఏళ్ల పనితనం, నాలుగువందల పన్నెండు రంగుల పాళ్లు, ఓ పాత యూనిక్స్ కంప్యూటర్‌లో ఉన్నాయి. అదేమో రేపో మాపో అన్నట్టుంది. అది ఆగిపోయేలోగా అన్నీ కొత్తదాంట్లోకి చేర్చాలి. ఆ పాళ్లు చూపే ప్రోగ్రాం చదువైపోయిన కొత్తలో రాసింది నేనే కాబట్టి, ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న నాకే కబురొచ్చింది.

యూనిక్స్ ఎక్కడైనా యూనిక్సే అని అప్పట్లో సొసైటీ వాళ్లందరి ముందూ గొప్పలు పోయాను. నిజానికి ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. పాతది ఓ కంపెనీ సొంత చిప్పు, సొంత యూనిక్స్. కొత్తది మామూలు ఇంటెల్ పెట్టె, వేరే కంపెనీ యూనిక్స్. ప్రోగ్రాంను కొత్త చిప్పు భాషలోకి మళ్లీ కంపైల్ చేస్తే రెండుచోట్ల మొరాయించింది, సర్దాను. పదకొండు కల్లా నడిచింది. నా భుజాలు నేనే చరుచుకున్నాను.

పక్కన కూర్చున్న చాచా సైజు ఎంతని అడిగాడు. ప్రోగ్రాం పాతదాంట్లో తొంభై ఎనిమిది కేబీ, కొత్తదాంట్లో అరవై ఒకటి అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. నూలు చిలపను రంగులో ముంచే ముందు తూచి, ఆరాక మళ్లీ తూచే మనిషి. తగ్గిందంటే ఏదో పోయినట్టే ఆయనకు. నాకు చిర్రెత్తింది. పాళ్లు వేరే ఫైల్లో ఉన్నాయి, అందులో ఒక్క బైటు తగ్గలేదు, ఒకే పని చెప్పడానికి ఆ చిప్పుకు పొడుగు మాటలు కావాలి, దీనికి పొట్టివి చాలు అని క్లాసులో కన్నా గట్టిగానే చెప్పాను. ఆయన వినలేదు. ఒక్క చిలపకు రంగేసి చూస్తే గానీ పాతది ఆపనివ్వనన్నాడు.

సరేనని గులాబి తీశాను. కిలో నూలుకు ఎరుపు ఎంతో చదవమన్నాడు. ఏడువందల అరవై ఎనిమిది గ్రాములని చదివాను.

"మూడు గ్రాములు బిడ్డా," అన్నాడు చాచా మెల్లగా. "గంత ఎరుపేస్తె గులాబి గాదు, నెత్తురైతది."

ఫైలు తెరిచి చూశాను. ప్రోగ్రాం చిన్నదవడం వల్ల వచ్చింది కాదది. పాత చిప్పు అంకెలో పెద్ద సగాన్ని ముందు పెడుతుంది, కొత్తది చిన్న సగాన్ని. ఫైలును ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టి, ఆ సగాలు తిప్పడం మరిచాను, దాంతో మూడు కాస్తా రెండువందల యాభై ఆరు రెట్లయి కూర్చుంది. పిల్లలకు ఏటా చెప్పే పాఠమే.

"తప్పు నాదే చాచా. నువ్వు ఆపకుంటే పాతది బంద్ చేసి పోతుంటి," అన్నాను.

పది లైన్లు రాశాను. ఎరుపు మూడుకు దిగింది. మధ్యాహ్నం చాచా చిలపకు రంగేసి, ఆరబెట్టి, పాత నమూనాతో కలిపి ఎండలో కళ్ల దాకా తెచ్చుకుని చూశాడు. తర్వాత నాలుగువందల పన్నెండూ ఒక్కొక్కటిగా చదివించుకున్నాడు. పొద్దున్న విసుక్కున్న నాకే సాయంత్రానికి ఆ పని హాయిగా తోచింది. చివరిది అయ్యాక పాత మెషీన్ స్విచ్ ఆయనే ఆపాడు.

నేను బ్యాగు సర్దుకుంటుంటే జర కూర్చోమన్నాడు. ఆయనకు పేరు తెచ్చిన నెమలి నీలం పాళ్లు ఆయన ఇన్నేళ్లలో ఏ మెషీన్‌కూ, ఏ మనిషికీ చెప్పలేదు. అది సొసైటీలో అందరికీ తెలుసు.

"ఇంకోటున్నది, రాస్కో," అన్నాడు. "నీలం, కిలోకు పదకొండు గ్రాములు."