మూడు మూలల ఉత్తరాలు

మా అమ్మకి చేతిరాత చదవడం రాదు. అచ్చక్షరాలైతే కూడబలుక్కుంటుంది, అదీ ఎండలో కూచుని. అయినా ఉత్తరం వస్తే అందులో ఏముందో విప్పకముందే చెప్పేది. ఆ విద్య జర్మన్లతో యుద్ధం జరిగిన రోజుల్లో మా వీధి మొత్తానికీ పట్టుబడింది. యుద్ధంలో ఉన్న పిల్లలకి కవర్లు ఎక్కడివి? రాసిన కాగితాన్నే మూడు మూలలుగా మడిచి, పైన అడ్రసు రాసి పడేసేవారు. మూడు మూలలు వస్తే మనిషి ఉన్నట్టు. సైన్యం పంపే నాలుగు మూలల కవరు వస్తే లేనట్టు.

నా చెల్లెలు ఒలింపియాదా, ఇంట్లో లీపా, విమానం నడిపేది. కర్రకి గుడ్డ అతికించిన విమానం. రాత్రిళ్ళు వెళ్ళి జర్మన్ల మీద బాంబులు వేసి వచ్చేవారు. ముందు సీట్లో మా లీపా, వెనక సీట్లో దారి చెప్పడానికి తస్యా అనే అమ్మాయి. ఇంట్లో ఉన్న రోజుల్లో ఇదే లీపా సైకిలుతో మా మేకని రెండుసార్లు గుద్దింది. అందుకని అమ్మ భయంలో జర్మన్ల వాటా సగమే.

బాంబుల గురించి రాస్తే సెన్సారు వాళ్ళు నల్లసిరా పూసేసేవారు. దాంతో మా లీపా ఉత్తరం నిండా తస్యా గురించే రాసేది. తస్యాకి కప్పలంటే భయమట, తుపాకులంటే లేదట. మ్యాపుల సంచిలో క్యారెట్లు దాచుకుంటుందట. తిరిగి వచ్చేటప్పుడు లీపా నిద్రలోకి జారకుండా, రెండు సీట్ల మధ్య మాట్లాడుకునే గొట్టంలోంచి పాడుతుందట. 'ఆ గొంతుకి శత్రువులు కూడా నిద్రపోరమ్మా' అని రాసింది. అమ్మ ఆ ఉత్తరాలన్నీ దేవుడి పటం వెనక దాచేది. నేను చేతులు కడుక్కుంటే గానీ ముట్టనిచ్చేది కాదు. కాలేజీ చదువు చదివిన దాన్ని, మా ఆయన ముందు కూడా అంత అణిగి ఉండలేదు.

నలభై మూడులో, మే నెలాఖరున, నేను బంగాళదుంపల చేలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో కూచుని దుంపలు చెక్కుతోంది. చెక్కినవే మళ్ళీ చెక్కుతోంది.

"కవరొచ్చింది ఫాయా," అంది.

"ఎక్కడ?"

"పొయ్యిలో."

కత్తి ఆమె చేతిలోంచి తీసేసుకున్నాను. "విప్పి చూశావా?"

"విప్పి ఏం చెయ్యను? నాకు రాదు. నువ్వు చదువుతావు. నువ్వు చదివితే నిజమైపోతుంది."

"పైన అచ్చు ఉందా, చేతిరాతా? అది చెప్పు."

"నాలుగు మూలలున్నాయే. ఇంకేం చూడను?"

పొయ్యి కెలికాను. కాలేజీలో నాకు రసాయన శాస్త్రం చెప్పారు గానీ, బూడిద చదవడం చెప్పలేదు.

మా వీధికి ఉత్తరాలు తెచ్చే పెలగేయా పిన్ని దగ్గరికి పరిగెత్తాను. ఆవిడకి లీపా రాత నాకంటే బాగా తెలుసు. ఆవిడ నాలుగు రోజులుగా జ్వరంతో మంచం మీదుంది. "పోస్టాఫీసు ఊడ్చే మనిషిని పంపారే అమ్మాయ్. కిటికీలో పెట్టి వచ్చానంది. దానికి కవరైనా ఒకటే, చీపురైనా ఒకటే."

సైన్యం ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా జాబితా మొత్తం తిరగేశాడు.

"మాకేం రాలేదు. అలాగని రాలేదని కాదు."

"మరేమిటి?"

"మాకు రాలేదని."

లీపాకి ఉత్తరం రాద్దామని కూచున్నాను. 'నువ్వు ఉన్నావా' అని మనిషిని ఎలా అడుగుతాం? 'మేక బాగుంది, వెంటనే జవాబు రాయి' అని రాసి మడిచాను.

జూన్ మధ్యలో మూడు మూలల ఉత్తరం ఒకటి వచ్చింది. అమ్మ మొహంలోకి రక్తం వచ్చింది. చేతులు కడుక్కోమని కూడా అనలేదు. నేను మొదట తారీఖు చూశాను, అదే తప్పు.

"ఎప్పటిదే?"

"ఏప్రిల్ ఇరవై రెండు."

దారిలో ఎక్కడో చిక్కుకుని వచ్చిన ఉత్తరం. అమ్మ దాన్ని పటం వెనక పెట్టి, చెంబు తీసుకుని మేకని పితకడానికి వెళ్ళింది. పొద్దున్నే పితికేశాం. అయినా చాలాసేపు రాలేదు.

తర్వాత ఆమె అడగడం మానేసింది. పాత ఉత్తరాలు చదవమనడం కూడా మానేసింది. భోజనానికి మాత్రం లీపా గిన్నె కూడా పెట్టేది. తీసేస్తే తంటా, ఉంచితే తంటా.

జూలై తొమ్మిదిన పెలగేయా పిన్ని గేటు దగ్గర్నించే చెయ్యి ఎత్తి ఊపింది. చేతిలో మూడు మూలలు. లీపా రాతే. 'జూన్ పదిహేడు' అని తారీఖు గట్టిగా చదివాను. అమ్మ వచ్చి గుమ్మంలో కూచుంది. ఇక ఆగలేక, ముందు ఒకసారి నా కళ్ళతో చూసుకోకుండా, నించునే పైకి చదివేశాను.

'అమ్మా, అక్కా, కవరు అందిందా? మే డే పండక్కి మాకు తలా ఒక సబ్బు ముక్క, ఒక కవరు బహుమానం ఇచ్చారు. పత్రిక వాళ్ళు నన్నూ తస్యానీ ఫొటో తీసి, ఒక్కటే ఇచ్చారు. మడత పెడితే తస్యా మొహం మీద గీత పడుతుందని కవరులో పెట్టాను. మీరు చూశాక పెంజా ఊళ్ళో తస్యా వాళ్ళమ్మకి పంపమన్నాను కదా, పంపారా? ఆవిడ దగ్గర తస్యా ఫొటో ఒక్కటి కూడా లేదు, బాంబు పడి పాత ఇంటితో పాటే పోయాయి. ఇంకా పంపకపోతే ఇవాళే పంపండి. అడ్రసు మళ్ళీ రాస్తున్నాను. ఈ నెల పదకొండో తారీఖున వెనక సీటుకి తూటా తగిలింది. గొట్టంలో పాట వినపడకపోతే, నా మీద అలిగిందనుకున్నాను. దిగేదాకా అలాగే అనుకున్నాను. కొత్త అమ్మాయిని ఇచ్చారు. పాడదు.'

అమ్మ నా చేతిలో కాగితాన్ని ముట్టుకుంది.

"లీపా ఉంది కదే?"

"ఉందమ్మా."

"మరి నేనేం కాల్చాను?"

"తెలియక చేశావు," అన్నాను.

"తెలియకే. తెలియకే ఆవిడ కూతుర్ని పొయ్యిలో పెట్టాను."

లేచి వెళ్ళి, పటం వెనక ఉత్తరాలన్నీ తెచ్చి బల్ల మీద పోసింది. కత్తెర నా చేతిలో పెట్టింది. "తస్యా గురించి ఎక్కడుంటే అక్కడ కత్తిరించు."

"ఉత్తరాలు పాడుచెయ్యడం ఎందుకమ్మా? వేరే కాగితం మీద ఎత్తి రాసిస్తాను."

"నీ రాత ఆవిడకెందుకే? ఆ పిల్లని చూసిన చేతి రాత పంపాలి."

కత్తిరించాను. క్యారెట్లు, కప్పలు, పాట. ఒక ముక్క వెనకవైపు, 'అమ్మా, కళ్ళు మూసుకుంటే నీ ఊరేసిన క్యాబేజీ వాసన వస్తుంది' అని ఉంది. నా కత్తెర ఆగింది.

"వెనక ఏముందే?"

"ఏం లేదమ్మా."

"కొయ్యి మరి."

పెలగేయా పిన్ని ఇంకా వెళ్ళలేదు. సంచిలోంచి పాతకాలపు కవరు ఒకటి తీసి అమ్మకి ఇచ్చింది. "ఇన్ని ముక్కలు మడతలో నిలవవు ఉస్తీన్యా. ఇందులో పెట్టు."

"ఆ గుమ్మానికి కవరు వెళ్ళకూడదు."

"వెళ్ళాల్సిన సైన్యం కవరు ఈపాటికి వెళ్ళే ఉంటుంది."

"అయితే మరీ వెళ్ళకూడదు," అంది అమ్మ.

ముక్కలు లోపల పెట్టి తనే మూడు మూలలుగా మడిచింది. ఉబ్బి విచ్చుకుపోతుంటే, సూది తెచ్చి మూలలు నల్లదారంతో కుట్టింది. పైన అడ్రసు నన్ను రాయమంది. సిరా ఆరేదాకా ఊదింది.

"లీపాకి ఏం రాయను?" అన్నాను.

అమ్మ బల్ల మీద చిల్లులు పడ్డ ఉత్తరాలని ఒక్కొక్కటే చదును చేస్తోంది.

"ఆ కొత్త పిల్ల గురించి రాయమను. ఏం తింటుందో, దేనికి భయపడుతుందో, అన్నీ రాయమను." ఇంకో ఉత్తరం చదును చేసి అంది, "కాగితానికి ఒకవైపే రాయమను."