దంచినోళ్ళ మాట

1920ల్లో, మలయా దేశంలో బాగన్ దాతుక్ దగ్గరి కొబ్బరితోట ఆస్పత్రిలో అసిరమ్మ వంటమనిషి. జ్వరపు రోగులకు ఆమె నూకలతో జావ కాసేది. కొత్తగా వచ్చిన మేనేజరు దొర అది చూసి, "పందుల తిండి! రేపటి నుంచి రొట్టె పెట్టు" అన్నాడు.

రొట్టె రోగుల గొంతు దిగలేదు. మూడో రోజు అసిరమ్మ మళ్ళీ జావ కాసింది. రష్యా నుంచి వలసొచ్చిన నర్సు వేరా ఒక చెంచాడు రుచి చూసి కళ్ళు తుడుచుకుంది.

"మేం దీన్ని కాషా అంటాం," అంది తనకొచ్చిన మలయ్ భాషలో. "మా అత్తది పోలండు. ఆమె మాత్రం వండకముందు నూకనే కాషా అనేది. గింజ మీది పొట్టు గీకడం నుంచి ఆ మాట పుట్టిందని మా నాన్న చెప్పేవాడు."

"అయితే అది దంచినోల్ల మాటే," అంది అసిరమ్మ.

అంతలో దొర వచ్చి కుండ పారబొయ్యమన్నాడు. అసిరమ్మ కదలలేదు.

"పారబొయ్యను దొరా! సముద్రం అవతల కూడా ఈ తిండికి పేరుంది. నీకు తెల్దంటే నానేటి సేసేది?"

వేరా గిన్నె నింపుకుని ఆయన ఎదుటే తిన్నది. రోగులు కూడా మంచాల మీంచి గిన్నెలు చాపారు. దొర ఎర్రబడ్డ మొహంతో వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా అసిరమ్మను కొబ్బరి ఎండబెట్టే పనికి తోసేశారు. ఆమె తల వంచలేదు. కొత్తగా వచ్చిన వంటమనిషి చేతా రోగులు జావే కాయించుకున్నారు.